పదకొండు నంబర్లు

తాండూరు,
16 నవంబరు 2025, ఆదివారం.

ప్రియమైన మా రూతుకు,

మీ అమ్మ ప్రేమతో నీ తల నిమిరి రాస్తున్న సంగతులు. ప్రభువు దయవల్ల ఇక్కడ నేనూ మీ నాన్నా క్షేమంగా ఉన్నాం. నువ్వూ ఆ గౌహతిలో, నువ్వు తిరిగే ఆ తేయాకు తోటల్లో, వేళకు ఇంత తిని ఆరోగ్యంగా ఉన్నావనే నమ్మకంతో ఉన్నాం. నీ ఉత్తరం పది రోజుల కిందట అందింది. కళ్లజోడు పక్కనే ఉన్నా మీ నాన్న నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ నాన్న మోకాలు ఇప్పుడు నయం. పొద్దున స్టేషన్ దగ్గర ఆటో పెట్టి మధ్యాహ్నం దాకా నడుపుతాడు, తర్వాత ఇంటికొచ్చేస్తాడు. నువ్వు పంపిన గమోసా తువ్వాలు మెడలో లేనిదే బయలుదేరడు. అస్సాం నుంచి మా బిడ్డ పంపిందని ఆటో ఎక్కిన ప్రతివాళ్లకూ చెబుతాడట, అడిగినా అడగకపోయినా. బంట్వారంలో మీ పెద్దమామ కంది చేను పచ్చగానే ఉంది. మధ్యలో ముసురు పట్టి పూత కొంత రాలింది గానీ పంట పోయిందని అనలేం. ఇంటి వెనక గోడకు నెర్రె పడితే సిమెంటు పూయించాం. నువ్వు ఫికర్ పెట్టుకోకు.

ఇక అసలు ప్రశ్న. "హైదరాబాద్ నుంచి ప్రణవి అనే పరిశోధక విద్యార్థిని వస్తే నువ్వు తాండూరులో అడుగు పెట్టనివ్వలేదట, నిజమేనా అమ్మా?" అని రాశావు. నిజమే. ఒకసారి కాదు, రెండుసార్లు వెనక్కి పంపాను. ఆ తర్వాత ఏమైందో నీకు చెప్పిన స్నేహితురాలికి తెలియదు. ఇన్ని రోజులూ ఫోన్‌లో చెబుదామనుకున్నాను. నేను మొదలుపెట్టేసరికి నీ తోటలో సిగ్నల్ పోతుంది, సిగ్నల్ ఉన్నప్పుడు నాకు ధైర్యం పోతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. నిదానంగా చదువు.

ఆరేళ్ల కిందటి సంగతి నీకు కొంత తెలుసు. అప్పుడు నువ్వు వికారాబాద్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నావు. హైదరాబాద్ నుంచి మహిధర్ అని ఒక ప్రొఫెసరు నలుగురు విద్యార్థులను వెంటబెట్టుకొని వచ్చాడు. బండ కోసేవాళ్లు, పాలిష్ పట్టేవాళ్లు, మొత్తం నూట నలభై రెండు మంది కమ్యూనిటీ హాల్లో వరుసగా నిలబడి ఒక గొట్టంలో ఊదారు. ఒక్కొక్కరికి నంబరు వేసిన చిన్న కార్డు ఇచ్చారు. "మీ పేర్లు మేం ఉంచుకోం. నంబరే మా దగ్గర ఉంటుంది. పేరు బయటికి పోతే మీ పని పోతుంది" అని సార్ అందరి ముందూ చెప్పాడు. ఎందుకైనా మంచిదని నేను మన బండ కార్మికుల సంఘం రిజిస్టరులో ప్రతి పేరు పక్కనా ఆ నంబరు రాసి పెట్టుకున్నాను.

రెండు నెలలకు ఆరుగురిని పనిలోంచి తీసేశారు. ఆరుగురూ ఆ రోజు ఊదినవాళ్లే. పేర్లు సారే ఇచ్చాడని ఊరంతా అనుకుంది. నేనూ అదే అనుకున్నాను. ఆ రోజు హాలు ఎదురుగా టీ కొట్లో ఒక బండల యూనిట్ మేస్త్రీ పొద్దంతా కూర్చొని ఎవరొచ్చారో చూస్తూనే ఉన్నాడనే సంగతి మాకు చాలా తర్వాత తెలిసింది. ఆ వెంటనే కరోనా వచ్చింది, సార్ మళ్లీ రాలేదు. "మా ఊపిరి కొలుచుకొని పోయారు, ఒక్క కాగితం తిరిగి పంపలేదు" అని నేను ప్రతి మీటింగులో చెప్పాను. వికారాబాద్ ధర్నాలో మైకులో చెబితే చప్పట్లు ఆగలేదు. అప్పటి నుంచి తాండూరులో ఏ సర్వేవాళ్లనూ రానివ్వకూడదన్నది మన సంఘం కట్టుబాటు అయింది.

ఆ కట్టుబాటు మధ్యకు ఈ జూన్‌లో ప్రణవి వచ్చింది. ధారూర్ పిల్ల. అమ్మానాన్నలు వ్యవసాయం చేస్తారు. సంఘం గదిలో నా ఎదురుగా నిలబడింది.

"ఎందుకొచ్చినవ్ బిడ్డా?" అన్నాను.

"బండ పని చేసేటోళ్ల ఊపిరితిత్తుల మీద పరిశోధన చేస్తున్న అక్కా."

"చేసినంక?"

"థీసిస్ రాస్త."

"రాసినంక?"

ఆ పిల్ల చేతిలోని ఫారాల వైపు చూసుకుంది. "గా జవాబు దొరికినంక రా" అని పంపేశాను. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

జులైలో మళ్లీ వచ్చింది. ఈసారి నా దగ్గరికి కాదు, నేరుగా నాగవ్వ ఇంటికి పోయింది. నాగవ్వ భర్త జంగప్ప నీకు గుర్తుండే ఉంటాడు. ఇరవై ఏళ్లు కటింగ్ మిషన్ మీద పని చేసి, ఏడాదిపాటు టీబీ మందులు మింగి, 2021 ఎండాకాలంలో పోయాడు. ఇప్పుడు నాగవ్వ పప్పు మిల్లులో పని చేస్తుంది. ప్రణవి ఆమె దగ్గర కూర్చొని జంగప్ప గురించి మాట్లాడుతోందని తెలిసి నేను చెప్పు సగం తొడుక్కొని పరిగెత్తాను.

"సచ్చిపోయినోళ్ల ఇండ్లను కూడ ఇడ్సిపెట్టరా మీరు? లే!" అన్నాను.

నాగవ్వ ఏదో చెప్పబోయింది, నేను విననే లేదు. ఆ పిల్లను మీ నాన్న ఆటోలో ఎక్కించి, రైలు ఎక్కేదాకా నమ్మకం లేక నేనూ వెంట వెళ్లాను.

రైలు నలభై నిమిషాలు ఆలస్యం. ఒకే బెంచీ మీద ఆ చివరా ఈ చివరా కూర్చున్నాం. సన్నగా వాన. కొంతసేపటికి ఆ అమ్మాయి ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. రిజిస్టర్ పోస్టు అందినట్టు సంతకం పెట్టించుకొని తిరిగి పంపే కార్డు ఉంటుంది చూడు, దాని ఫోటో అది.

"అక్కా, గిది మీ సంతకమేనా?"

నాదే. రెబెక్క అన్న పేరులో చివరి 'క్క' కింద వత్తును నేను లాగినట్టు ఇంకెవరూ లాగరు.

"మహిధర్ సార్ రిటైరయిండు" అంది ప్రణవి. "కాయిదం రాలేదని మీరు అంటున్నరని నేను చెప్తే, పాత ఫైళ్లన్ని ఎతికి గిది తీసిండు. నేను ఎవ్వరికి చూపియ్యలే అక్కా. నాగవ్వకు కూడ చెప్పలే."

"మరి నాకెందుకు చూపిస్తున్నవ్? బెదిరిస్తున్నవా?"

"లే అక్కా. గా కవర్ల ఒక చిట్టీ ఉంది. దాంట్ల పదకొండు నంబర్లు రాసిండు సార్. గా పదకొండు మందికి ఊపిరితిత్తులు అప్పటికే మస్తు ఖరాబున్నయ్, వెంటనే పెద్ద డాక్టరుకు చూపియ్యాలె, దుమ్ముల పని మాన్పియ్యాలె అని. పేర్లు సార్ దగ్గర లేవు. మాటిచ్చినట్టే ఉంచుకోలే. గా నంబర్లు ఎవరియో మీ రిజిస్టర్ల తప్ప ఇంకెక్కడ లేదు."

రైలు వచ్చింది. ఎక్కేముందు ఆ అమ్మాయి వెనక్కి తిరిగి, "ఎవరెవరు ఉన్నరో జర చూడు అక్కా" అంది. అంతే. తలుపు దగ్గర నిలబడి నన్ను చూస్తూనే పోయింది.

రూతూ, ఆ కవరు నాకు అందింది. 2020 ఫిబ్రవరిలో నేనే సంతకం పెట్టి తీసుకున్నాను.

ఎందుకు దాచానని అడుగుతావు. నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. అది వచ్చిన రోజుకు ఆరుగురి పని పోయి పదిహేను రోజులైంది. అదే పొద్దున వాళ్లలో కుమారస్వామి భార్య సంఘం గదికి వచ్చి, నీ మాట విని ఊదినందుకే మా ఆయన పని పోయిందని ఏడ్చి వెళ్లింది. అలాంటప్పుడు పోస్టుమాన్ వచ్చాడు. కవరు చించి చూస్తే నలభై పేజీలు. అంతా ఇంగ్లీషు, గీతలు, పట్టికలు. తెలుగులో ఒక్క ముక్క లేదు. మా ఊపిరి తీసుకుపోయి మాకే చదవరాకుండా పంపారా అని ఒళ్లు మండింది. నీకు ఇస్తే చదివి చెప్పేదానివి. మైకు పట్టుకొని అంత మందిని నడిపించే మనిషికి ఒక కాగితం చదవరాలేదని నీకు కూడా తెలియకూడదనుకున్నాను. పదో తరగతి దగ్గర ఆగిపోయిన చదువు గురించి నాకు ఎంత సిగ్గో నీకెప్పుడూ చెప్పలేదు. కవరును రేకు పెట్టె అడుగున, పాత చీరల కింద పెట్టాను. కోపం తగ్గాక చూద్దాంలే అనుకున్నాను. నెల తిరిగేసరికి లాక్‌డౌన్. అది ఎత్తేశాక ఒక మీటింగులో ఎవరో, "గా సర్వే సంగతేమైందక్కా?" అని అడిగారు. "ఏం రాలే" అనేశాను. చాలా సులువుగా వచ్చింది ఆ మాట. తర్వాత చెప్పిన కొద్దీ పెద్దదైంది. చప్పట్లు పడ్డాక వెనక్కి తీసుకోవడం ఎలాగో నాకు తెలియలేదు.

స్టేషన్ నుంచి ఇంటికి వచ్చి మీ నాన్నకు చెప్పాను. ఆయన పెట్టె దించాడు. నలభై పేజీల పైన ఆ చిట్టీ పిన్ను పెట్టి ఉంది. చుట్టూ ఇంగ్లీషే, మధ్యలో పదకొండు నంబర్లు. అంకెలు ఏ భాషలోనైనా అంకెలే కదా, రూతూ. ఆ రోజే ఆ పై కాగితాన్ని నిదానంగా చూసి ఉంటే, ఇవేంటని ఎవరినైనా అడిగి ఉండేదాన్ని.

మీ నాన్న నంబరు చదివాడు, నేను రిజిస్టరులో పేరు వెతికాను. ముందుగా మీ నాన్న నంబరు కోసం చూశాను, దాచడమెందుకు. ఆటో కొనకముందు ఆయనా పాలిష్ పట్టినవాడే కదా. తొంభై. అది అందులో లేదు. గుండె కుదుటపడింది, వెంటనే అలా కుదుటపడినందుకు తల దించుకున్నాను. ముప్పై ఎనిమిది అనంతయ్య. మన సంఘంలో అందరికన్నా పెద్దవాడు, ఇంకా కటింగ్ మిషన్ దగ్గరే ఉన్నాడు. అరవై నాలుగు అని మీ నాన్న చదివాడు. నేను పేజీ తిప్పి వేలు పెట్టాను. జంగప్ప.

పదకొండు మందిలో జంగప్ప ఒక్కడే చనిపోయాడు. ఒకతను పని మానేసి కర్ణాటకలో సేడం దగ్గర సొంతూరికి వెళ్లిపోయాడు. మిగతా తొమ్మిది మంది తాండూరులోనే ఉన్నారు. వాళ్లలో నలుగురు ఆ రోజు కూడా దుమ్ములో పని చేస్తున్నారు.

సాయంత్రం నాగవ్వ మిల్లు నుంచి వచ్చే వేళకు ఆమె గుమ్మంలో కూర్చున్నాను. కవరు ఒళ్లో పెట్టుకొని మొత్తం చెప్పాను. చివర, "ఏ నెల?" అంది.

"ఫిబ్రవరి అక్కా."

ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "మే నెలల టీబీ గోళీలు మొదలైనయ్. అవి మింగి కడుపుల మంట, కడుపుల మంట అని పొర్లిండు రెబెక్కా. పొర్లుకుంటనే మిషన్ మీదికి పోయిండు. గా కాయిదం ఉంటే గోళీలు తప్పేటివా?"

"తప్పేటివేమో. టీబీ కాదు, బండ దుమ్ము రోగమని డాక్టరుకు అప్పుడే తెలుస్తుండెనేమో. మిషన్ మీదికి గూడ పోనియ్యకపోతుంటిమి. మనిషి దక్కేటోడా అంటే మాత్రం నాకు తెల్వదు."

"పో" అంది. నేను లేచి వచ్చేశాను. తర్వాత మూడు రోజులు ఆమె ఎదురుపడినా పలకరించలేదు.

నాలుగో రోజు ఆదివారం. చర్చి అయ్యాక కమ్యూనిటీ హాల్లో సంఘం మీటింగు పెట్టాను. అరవై మంది దాకా వచ్చారు. అదే హాలు, వాళ్లు వరుసలో నిలబడి ఊదిన చోటే. కవరు పైకెత్తి చూపించి, నాగవ్వకు చెప్పినట్టే చెప్పాను. అనంతయ్య లేచాడు.

"నా నంబరు ఉన్నదా దాంట్ల?"

"ఉన్నదన్నా."

"ఐదేండ్లు తిప్పినవ్ కద రెబెక్కా నన్ను గా దుమ్ముల" అని తల పట్టుకొని కూలబడ్డాడు. వెనక నుంచి ఎవరో, "గీమెను కార్యదర్శిల నుంచి తీసెయ్యుండ్రి!" అన్నారు. ఇంకో నలుగురు అవునన్నారు. నేను అప్పటికే రిజిస్టరూ గది తాళాలూ బల్ల మీద పెట్టేశాను. అప్పుడు లేచింది నాగవ్వ. ఆమె వచ్చిందని కూడా నేను చూడలేదు.

"తీసేస్తే ఏమైతది? ఇంట్ల కూసొని సుఖపడ్తది. నేను గట్ల పోనియ్య" అంది. "గా నంబర్ల ఇండ్లన్నిటికి ఈమెనే పోవాలె. కాయిదం నా దగ్గర్నే ఉండె అని ప్రతి ఇంట్ల తన నోటితోని చెప్పాలె. గా ధారూర్ పిల్లను వెంట తోల్కపోవాలె. ఈమెకు గా కాయిదం సదవ రాదు, గా పిల్లకు మన మనుషులు తెల్వదు. ఇద్దరు కలిసి తిరగాలె. అందరికి డాక్టరు చూసినంక, గప్పుడు తీసేద్దుమో ఉంచుదుమో."

నేను అక్కడే బయటికి వచ్చి ప్రణవికి ఫోన్ చేశాను. "రా బిడ్డా. నేను చెప్పినట్టు కాదు, నువ్వు చెప్పినట్టే చేద్దాం" అన్నాను. మర్నాడు మొదటి రైలుకే దిగింది.

తొమ్మిది ఇళ్లు తిరిగాం. ఒక ఇంట్లో ముఖం మీదే తలుపు వేశారు, మర్నాడు మళ్లీ పోయాం. ఒకామె నన్ను తిట్టిన తిట్లు నీకు రాయలేను. ప్రణవి మధ్యలోకి వచ్చి నన్ను వెనకేసుకు రాబోతే, వద్దని చెయ్యి పట్టుకున్నాను. చాలా ఇళ్లలో మాత్రం ముందు మంచినీళ్లిచ్చి, తర్వాత ఏం చెయ్యాలో చెప్పమన్నారు. ఆ పిల్ల గొప్పగా చెబుతుంది, రూతూ. కాగితం చూడదు, మనిషిని చూసి చెబుతుంది. సేడం మనిషిని మీ నాన్న వెతికి పట్టుకున్నాడు, ఆటో స్టాండులో ఒకరికి తెలిసినవాళ్ల ద్వారా.

ఆగస్టులో పది మందినీ వికారాబాద్ పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. మహిధర్ సార్ హైదరాబాద్ నుంచి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. ఆయన ఎక్కడ నన్ను నిలదీస్తాడోనని నేను వెనక వెనకనే ఉన్నాను. ఆసుపత్రి వరండాలో అందరినీ కూర్చోబెట్టి ఆయనే ముందు మాట్లాడాడు. "నేను నలభై పేజీలు రాశాను. అందులో మీరు చదవగలిగిన వాక్యం ఒక్కటీ లేదు. సంతకంతో కార్డు తిరిగి వచ్చింది కాబట్టి నా పని అయిపోయిందనుకున్నాను. కరోనా తగ్గాకనైనా ఒకసారి వచ్చి అడిగి ఉండాల్సింది. రాలేదు. పేర్లు నేనే చెప్పానని మీరు కోపంగా ఉన్నారని విని భయపడ్డాను" అన్నాడు. అంత చదువుకున్న మనిషి భయపడ్డానని మా ముందు చెప్పడం చూసి, నాకు దాక్కోవాలనిపించడం పోయింది. ముందుకు వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను.

సార్ దగ్గరున్న పాత లెక్కలు డాక్టరుకు బాగా పనికొచ్చాయి. అప్పుడు ఎంత ఊదారు, ఇప్పుడు ఎంత ఊదుతున్నారు అని పక్కపక్కన పెట్టి చూశారు. ఇద్దరికి బాగా ముదిరింది, వాళ్లకు మందులతోపాటు ఇంట్లో ఆక్సిజన్ కూడా పెట్టారు. మిగతావాళ్లకు భయపడినంత లేదు. అనంతయ్యను లోపలికి పిలిచినప్పుడు నన్ను కూడా రమ్మన్నాడు. "ఏమైనా నువ్వు గూడ ఇనాలె" అన్నాడు. డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును వెలుగుకు పెట్టి చూసి, సిలికోసిస్ అనే రాతిదుమ్ము రోగం ఉంది గానీ ఇప్పటికైనా దుమ్ము మానేస్తే ఇక్కడితో ఆగే అవకాశం ఉందని చెప్పింది. అనంతయ్య బయటికి వచ్చి గోడకు ఆనుకొని ఏడ్చాడు. తర్వాత బస్టాండులో నాలుగు మిర్చీ బజ్జీలు తిన్నాడు, నాకు రెండు పెట్టాడు. ఆ రోజు తాండూరు బస్సులో నేను కిటికీ పక్కన కూర్చొని నిద్రపోయాను. ఎంత కాలమైందో పగటిపూట అలా నిద్రపట్టి. ఇప్పుడు అనంతయ్య నాగవ్వ పనిచేసే మిల్లులోనే గేటు దగ్గర కూర్చుంటున్నాడు. నాతో మాట్లాడతాడు. మునుపటిలా కాదు, అయినా మాట్లాడతాడు.

సెప్టెంబరులో కొత్త సర్వే మొదలుపెట్టాం. ఈసారి ఫారం ప్రణవి ఒక్కతే రాయలేదు. నాగవ్వనూ ఇంకో ముగ్గురు ఆడవాళ్లనూ కూర్చోబెట్టి ఏమేం అడగాలో చెప్పమంది. నాగవ్వ ఒక్కటే చెప్పింది. "పండుకొని నిద్రపోతవా, కూసొని నిద్రపోతవా అని అడుగు బిడ్డా. మా ఆయన సచ్చిపోయే రెండేండ్ల ముందే పండుకునుడు మానేసిండు. దగ్గు ఉన్నదా అంటే ఏ మొగోడు ఉన్నదనడు, పని పోతదని." ప్రణవి అలాగే రాసుకుంది. "నా ఫారంల ముప్పై ప్రశ్నలున్నయ్ అత్తా, గీ ఒక్కటి లేదు" అంది. తర్వాత లెక్క తీస్తే, కూర్చొని నిద్రపోతామన్నవాళ్లలో ఎక్కువమందికి ఊపిరి తక్కువే ఉంది. దగ్గు లేదని చెప్పినవాళ్లు వాళ్లలోనే సగం ఉన్నారు. మహిధర్ సార్ ఫోన్ చేసి నాగవ్వతో పావుగంట మాట్లాడాడు. ఆమె ఇప్పుడు ఆయన్ని మా సార్ అంటుంది.

పోయిన ఆదివారం ఎవరి ఫలితం వాళ్లకు చేతికిచ్చాం. ఒకే కాగితం, తెలుగులో, పెద్ద అక్షరాలతో. చదవడం రానివాళ్లకు పక్కన కూర్చొని చదివి చెప్పాం. అన్నీ తీరిపోయాయని కాదు. రెండు యూనిట్లలోనే కోసేచోట దుమ్ము లేవకుండా నీళ్ల పైపులు పెట్టారు. మిగతా యజమానులు ఇవాళ రేపు అని నెట్టుకొస్తున్నారు, వాళ్ల సంగతి చూడాలి. ఈసారి ఎవరి పనీ పోలేదు. నన్ను ఉంచుదుమా తీసేద్దుమా అని నాగవ్వను అడిగితే, "ఇంక పనున్నది కద" అని మిల్లుకు పోయింది.

నీ ఉత్తరం చివరి పేజీకి నేనింకా జవాబు రాయలేదు. "అమ్మా, నువ్వన్నదే నిజమేమో. ఈ తోటల్లో ఆడవాళ్ల కష్టం రాసుకొని నేను డిగ్రీ తెచ్చుకుంటాను, వాళ్లకేం మిగులుతుంది? డిసెంబరులో మానేసి వచ్చేద్దామనుకుంటున్నాను" అని రాశావు. మీ నాన్నకు చదివి వినిపించినప్పుడు ఆ నాలుగు లైన్లు దాటేశాను. మళ్లీ చదవమన్నప్పుడు కూడా దాటేశాను.

నువ్వు గౌహతికి బయలుదేరిన రోజు గుర్తుందా? నాలుగేళ్లయింది. జంగప్ప పోయి అప్పటికి రెండు నెలలు. నువ్వు రేకు పెట్టె మీద కూర్చొని బ్యాగు సర్దుకుంటూ, పై చదువు అయ్యాక పరిశోధన చేస్తానన్నావు. నేను వంటింట్లోంచి వచ్చి, "గా మహిధర్ సార్ లెక్కనే తయారైతవ్. మంది ఊపిరి అమ్ముకొని బతుకుతవ్" అన్నాను. నువ్వు చాలా మెల్లగా, "సార్ పంపిండేమో అమ్మా, పోస్టుల పోయిందేమో" అన్నావు. ముఖం కూడా తెలియని మనిషి మీద నీకు అంత నమ్మకం ఉంది. నేను నా తల మీద చెయ్యి పెట్టుకున్నాను. "పంపలే. నా మీద ఒట్టు" అన్నాను. నువ్వు కలిపిన అన్నం అలాగే వదిలేసి, మీ నాన్న ఆటోలో స్టేషన్‌కు పోయావు. ఆ కవరు నువ్వు కూర్చున్న పెట్టెలోనే ఉంది, బిడ్డా. నీ కిందనే ఉంది.

అరవై మంది ముందు చెప్పగలిగాను గానీ ఈ ఒక్కటీ నీకు చెప్పడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. మీ నాన్నకు కూడా ఇవాళే తెలిసింది. ఈ ఉత్తరం రాస్తూ రాస్తూనే పైకి చదివి వినిపించాను, ఈసారి నీ నాలుగు లైన్లూ దాటేయకుండా. అంతా విని గమోసాతో ముఖం తుడుచుకున్నాడు. "పోస్టు డబ్బాల వెయ్యకు. రేపు నేనే పోస్టాఫీసుకు తీస్కపోయి ఇస్త" అన్నాడు. ఇంతవరకూ రాసేసరికి నాకు తేలికగా ఉంది. నీకు కోపం వస్తుందని తెలిసి కూడా తేలికగానే ఉంది.

నీ చదువు సంగతి నువ్వే చూసుకో. నేను వద్దన్నా పోయావు, మంచిపనే చేశావు. ఇప్పుడు నేను ఉండమన్నంత మాత్రాన ఉండనక్కరలేదు. అక్కడి ఆడవాళ్లు నిన్ను వద్దంటే, లేదా నీ మనసు ఒప్పకపోతే, మానేసి వచ్చెయ్, మన ఇల్లు ఉంది. కానీ మానేస్తే నీ సొంత కారణంతో మాను. నా అబద్ధాన్ని నమ్మి మాత్రం మానకు.

ఇట్లు,
ఆ రోజు పెట్టిన ఒట్టును వెనక్కి తీసుకుంటూ,
మీ అమ్మ
రెబెక్క